మద్రాసు నుంచి స్కై దీవి దాకా: పదవ లార్డ్ నేపియర్ ప్రజాసేవ, భూమి ప్రశ్న

1872 ఫిబ్రవరి చివరి నుంచి మే మొదటి వారం దాకా భారతదేశంలో పౌర పాలనకు ఒక లార్డ్ నేపియర్, సైన్యానికి మరొక లార్డ్ నేపియర్ అధిపతులుగా ఉన్నారు. సైన్యాధిపతి రాబర్ట్ నేపియర్ అబిసీనియా యుద్ధంలో గెలిచి, 1868లో 'మగ్దలా' పేరుతో ప్రభువు బిరుదు సంపాదించుకున్న ఇంజనీరు. తాత్కాలిక వైస్రాయిగా ఉన్న ఫ్రాన్సిస్ నేపియర్‌కు మాత్రం బిరుదు పదిహేనేళ్ల వయసులోనే తండ్రి మరణంతో వచ్చింది. ఇద్దరినీ ఒకరిగా పొరబడటం ఆ రోజుల్లోనూ ఉంది, ఈనాటి రాతల్లోనూ కనిపిస్తుంది. ఈ వ్యాసం రెండో నేపియర్ గురించి. స్కాటిష్ పీరేజీలో (వంశపారంపర్య ప్రభువుల శ్రేణిలో) పదవ లార్డ్ నేపియర్‌గా పుట్టుకతో వచ్చిన హోదాతో రాయబారి, గవర్నర్, వైస్రాయి పదవులు చూసిన ఈ వ్యక్తి చేసిన అసలు పని అరవై ఏళ్లు దాటాక, ఏ పెద్ద పదవీ లేనప్పుడు జరిగింది. ఆ పనిని అర్థం చేసుకోవాలంటే మద్రాసు మీదుగా వెళ్లక తప్పదు.

నేపియర్ల బిరుదు 1627లో ఏర్పడింది. దానిని మొదట పొందిన ఆర్చిబాల్డ్ నేపియర్ తండ్రి జాన్ నేపియర్, 1614లో సంవర్గమానాలను లోకానికి అందించిన గణిత శాస్త్రవేత్త. స్కాటిష్ బిరుదుల్లో కొన్ని ఆడపిల్లల ద్వారా కూడా సంక్రమిస్తాయి. అలా ఇది తర్వాతి కాలంలో సెల్‌కర్క్‌షైర్‌లోని థర్ల్‌స్టేన్ స్కాట్ కుటుంబానికి చేరింది, వారు నేపియర్ ఇంటిపేరు తీసుకున్నారు. ఎట్రిక్ లోయలోని ఆ ఎస్టేటులో 1819 సెప్టెంబరు 15న ఫ్రాన్సిస్ పుట్టారు. తండ్రి విలియం జాన్ బాల్యంలోనే నౌకాదళంలో చేరి ట్రఫాల్గర్ యుద్ధం చూసినవాడు. తర్వాత ఇంటికి వచ్చి గొర్రెల పెంపకాన్ని మెరుగుపరచడంపై మనసు పెట్టి 1822లో దానిపై ఒక గ్రంథమే రాశాడు. బ్రిటిష్ వాణిజ్య పర్యవేక్షకుడిగా 1834లో కాంటన్‌కు వెళ్లి, చైనా అధికారులతో ఘర్షణ పడి, జ్వరంతో అదే ఏడాది అక్టోబరులో మకావులో చనిపోయాడు. దక్షిణ స్కాట్లండ్‌లో గొర్రెల పెంపకం మీద ఇంత శ్రద్ధ పెట్టిన కుటుంబంలోంచి వచ్చిన మనిషే, ఉత్తరాన గొర్రెల మందల కోసం ఊళ్లను ఖాళీ చేయించిన చరిత్రపై విచారణకు అధ్యక్షత వహించవలసి రావడం గమనించదగినది.

బిరుదు ఉన్నంత మాత్రాన అధికారం ఉన్నట్టు కాదు. ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యాలు 1707లో ఏకమైనప్పుడు స్కాటిష్ పీర్లందరికీ ప్రభువుల సభలో చోటు దొరకలేదు. వారిలో వారు పదహారుగురిని ఎన్నుకుని ప్రతి పార్లమెంటుకూ పంపవలసి ఉండేది. ఎన్నిక కానివారికి ప్రభువుల సభలో కుర్చీ లేదు, కామన్స్ సభకు పోటీ చేసే హక్కూ లేదు. ఆ విధంగా ఒక మామూలు న్యాయవాదికి ఉన్న రాజకీయ అవకాశం కూడా కొందరు స్కాటిష్ ప్రభువులకు ఉండేది కాదు. పది లక్షల ఎకరాలకు పైబడిన సదర్లండ్ డ్యూక్ వంటి వారి పక్కన నేపియర్ల ఎస్టేటు లెక్కలోకి రాదు. ఇటువంటి కుటుంబాల పిల్లలకు దౌత్యం, సైన్యం, వలస రాజ్యాల పాలన గౌరవమూ జీతమూ రెండూ ఇచ్చే మార్గాలయ్యాయి. అర్హతకు ముందే బిరుదు తలుపు తీసి పెట్టేది. ఆ తర్వాత ఎవరు ఏం చేశారన్నది మాత్రం వారి వారి బుద్ధిని బట్టి సాగింది.

నేపియర్ 1840లో దౌత్య సేవలో చేరారు. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, నేపుల్స్ రాయబార కార్యాలయాల్లో పని నేర్చుకున్నారు. 1848లో సిసిలీ తిరుగుబాటు సమయంలో నేపుల్స్‌లో ఉన్నారు. క్రిమియా యుద్ధ కాలంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఉండగా, స్కుటారి ఆసుపత్రిలో పని చేస్తున్న ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో పరిచయమైంది. ఆ పరిచయం పదేళ్ల తర్వాత మద్రాసులో అక్కరకు వచ్చింది. 1857 నుంచి రెండేళ్లు వాషింగ్టన్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్నారు. అక్కడి సమాజంలో ఆయనకు దొరికిన ఆదరణ లండన్‌లోని విదేశాంగ శాఖకు అంతగా రుచించలేదు. మధ్య అమెరికా వ్యవహారాల్లో ఇచ్చిన సూచనలు దాటి మాట్లాడుతున్నారన్న విమర్శ మధ్య 1859లో ఆయన స్థానంలో లార్డ్ లయన్స్ వచ్చారు. హేగ్‌లో కొద్ది కాలం గడిచాక సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు బదిలీ అయింది.

దౌత్య జీవితంలో మనం ఆగి చూడవలసిన చోటు అదే. 1861లో జార్ రెండో అలెగ్జాండర్ రెండు కోట్లకు పైగా ఉన్న కట్టుబానిస రైతులకు విముక్తి ప్రకటించాడు. అయితే విముక్తులకు ఇచ్చిన భూమిని చాలా చోట్ల ఒక్కొక్క రైతు పేర రాయలేదు, 'మీర్' అనే గ్రామ సమాజానికి అప్పగించారు. భూమికి కట్టవలసిన పరిహార వాయిదాలకు ఊరంతా ఉమ్మడిగా బాధ్యత వహించాలి. సాగు భూమిని కుటుంబాల మధ్య పంచేదీ ఊరే. ఈ ఏర్పాటు అమలవుతున్న తొలి ఏళ్లన్నీ నేపియర్ రష్యా రాజధానిలోనే ఉన్నారు. 1863లో పోలండ్ తిరుగుబాటుపై బ్రిటన్ అభ్యంతర పత్రాలను రష్యా మంత్రి గోర్చకోవ్‌కు అందించిన చేదు బాధ్యత కూడా ఆయన మీదే పడింది. 1864 నుంచి 1866 దాకా బెర్లిన్‌లో రాయబారి. అక్కడి నుంచి మద్రాసు గవర్నర్ పదవి వచ్చింది.

మద్రాసులో ఆరేళ్లు

1866 మార్చి 27న నేపియర్ సర్ విలియం డెనిసన్ స్థానంలో బాధ్యతలు చేపట్టారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మూడు కోట్లకు పైగా జనం ఉండేవారు. ఈనాటి కోస్తా ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాలన్నీ అందులో భాగమే. వచ్చీ రావడంతోనే ఉత్తరాన గంజాం జిల్లాలో కరువు ఎదురైంది. నేటి శ్రీకాకుళం పట్టణం అప్పట్లో చికాకోల్ పేరుతో ఆ జిల్లాలోని తాలూకాయే, 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గాని విశాఖ జిల్లాలో కలవలేదు. కాబట్టి చరిత్ర పుస్తకాలు 'ఒరిస్సా కరువు' అని పిలిచే 1866 విపత్తులో ఉత్తరాంధ్ర జనానికి కూడా వాటా ఉంది.

ఆ కరువును పాలనాపరంగా చూస్తే ఒకే వర్షాభావం రెండు ప్రభుత్వాల పరిధిలో పడింది. కటక్, పూరీ, బాలాసోర్ ప్రాంతాలు బెంగాల్ ప్రభుత్వం కింద ఉండేవి. అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్ సిసిల్ బీడన్, రెవెన్యూ బోర్డు అధికారులు బియ్యం దిగుమతిని వర్తకమే చూసుకుంటుందని నమ్మి కూర్చున్నారు. తీరా తెప్పించాలని నిర్ణయించేసరికి వానాకాలం వచ్చి ఓడల నుంచి ధాన్యం దింపడం అసాధ్యమైంది. ఒరిస్సాలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. పక్కనే ఉన్న గంజాం మద్రాసు ప్రభుత్వానిది. కొత్త గవర్నర్ ఆ జిల్లాకు స్వయంగా వెళ్లి చూసి సహాయ చర్యలు సాగించారు. అక్కడ కూడా వేల మంది ఆకలితో పోయారు కాబట్టి దీన్ని విజయంగా చెప్పుకోవడానికి వీలు లేదు. సరిహద్దుకు అవతల జరిగినంత వినాశనం ఇవతల జరగలేదన్నంత వరకే చెప్పగలం. ఊళ్లు మాడిపోతున్నప్పుడు కచేరీలో కూర్చుని వర్తక సూత్రాలు వల్లించడం ఎంత ప్రాణాంతకమో బీడన్ ఉదంతం చూపించింది. నేపియర్ ఆ తప్పు చేయలేదు.

ఆరేళ్ల పాలనలో మిగిలిన కాలమంతా నీటి పనులు, ప్రజారోగ్యం, స్థానిక పాలన మూడింటిపైనా ఆయన శ్రద్ధ చూపారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయినా, గోదావరి డెల్టాలో కాలువల పని ముగిసిపోలేదు. ఆ పనులను ఆయన ప్రభుత్వం కొనసాగించింది. ఆరోగ్యం విషయంలో నైటింగేల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. ఆమె ఏనాడూ భారతదేశంలో అడుగు పెట్టలేదు, అయినా ఇక్కడి పారిశుధ్యం, సైనిక శిబిరాలు, ఆసుపత్రుల గురించి ఆమెకు తెలిసినంతగా లండన్‌లో మరొకరికి తెలియదు. మద్రాసులో శిక్షణ పొందిన నర్సులు కావాలన్న ఆమె ఆలోచనకు సానుభూతితో విన్న గవర్నర్ దొరికాడు. ఖజానా అంగీకరించినంత మేరకే ఆ సానుభూతి పని చేయగలిగింది.

1871లో వచ్చిన రెండు చట్టాల గురించి కొంచెం చెప్పుకోవాలి. ఒకటి పట్టణాల అభివృద్ధి చట్టం, రెండోది లోకల్ ఫండ్స్ చట్టం. కేంద్ర ఖజానా భారాన్ని ప్రాంతాలకు మళ్లించాలన్న అప్పటి వైస్రాయి లార్డ్ మేయో విధానానికి ఇవి మద్రాసు రూపం. భూమి మీద శిస్తుకు అదనంగా సెస్సు వేసి, ఆ సొమ్ముతో రోడ్లు, బడులు, ఆసుపత్రులు నడపడానికి లోకల్ ఫండ్ బోర్డులు ఏర్పడ్డాయి. సభ్యులందరూ ప్రభుత్వం నియమించినవారే, ఎన్నిక అన్నది లేదు. అయినా తర్వాతి దశాబ్దంలో వచ్చిన జిల్లా బోర్డులకు ఇదే పునాది. తెలుగు జిల్లాల్లో తొలితరం గ్రామీణ పాఠశాలల చరిత్ర రాసేవారికి ఈ చట్టం పేరు తప్పక తగులుతుంది. సెస్సు కట్టినది రైతు, బోర్డులో కూర్చున్నది అధికారులూ జమీందార్లూ అన్న విమర్శలో నిజముంది.

ఆయన పేరు ఈనాటికీ వినిపించేది మాత్రం కట్టడాల వల్ల. కూవం నది సముద్రంలో కలిసే చోట 1869లో కట్టిన వంతెన చెన్నైలో ఇప్పటికీ నేపియర్ వంతెనే. ప్రభుత్వ భవనాలకు యూరపు నమూనాలు గుడ్డిగా తేకుండా ఇక్కడి నిర్మాణ సంప్రదాయాల నుంచి, ముఖ్యంగా ముస్లిం కాలపు తోరణాలూ గుమ్మటాల నుంచి నేర్చుకోవాలని 1870లో మద్రాసులో ఇచ్చిన ఉపన్యాసంలో వాదించారు. వాస్తుశిల్పి రాబర్ట్ చిజమ్ ఆ దారిలో నడిచాడు. తిరువనంతపురంలో చిజమ్ కేరళ కట్టుబడిని కలుపుకొని నిర్మించిన మ్యూజియానికి నేపియర్ పేరే పెట్టారు. శిథిలమవుతున్న మదురై తిరుమల నాయకుడి మహల్‌ను బాగు చేయించిందీ ఆయన ప్రభుత్వమే. ఆ నాయక రాజులు తెలుగువారు గనుక ఈ సంగతి తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా నచ్చవచ్చు. అయితే పాలకుడిగా ఆయన్ను వంతెనలతో తూచడం తేలిక పని.

బరువైన విషయం భూమి. మద్రాసు గవర్నర్‌గా ఎవరు వచ్చినా రోజూ వారి బల్ల మీదికి చేరేవి శిస్తు కాగితాలే. ఈ ప్రెసిడెన్సీలో రెండు పద్ధతులు పక్కపక్కనే నడిచేవి. గ్లాస్గో నుంచి వచ్చిన మరో స్కాట్ థామస్ మన్రో దత్త మండలాల్లో పాదుకొల్పిన రైతువారీ విధానంలో రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కడతాడు, అతని పేర పట్టా ఉంటుంది, శిస్తు కడుతున్నంత కాలం అతన్ని భూమి నుంచి లేపేవారు లేరు. గంజాం, విశాఖ జిల్లాల్లో ఎక్కువ భాగం జమీందారీ. అక్కడ రైతుకూ ప్రభుత్వానికీ మధ్య జమీందారు ఉంటాడు, సాగుదారు హక్కు ఎంత వరకన్నది ఎప్పుడూ తగాదాయే. రైతువారీ రైతు సుఖపడ్డాడని దీని అర్థం కాదు. శిస్తు భారం, అప్పులు, కరువులు అతన్ని వెంటాడాయి. కాకపోతే భూమిపై హక్కు అంటే ఏమిటి, అది వ్యక్తిదా ఊరిదా దొరదా అన్న ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ జవాబులుండవచ్చని మద్రాసులో పని చేసిన అధికారికి పుస్తకం తెరవకుండానే అర్థమయ్యేది. ఇంగ్లండులో పెరిగిన రాజకీయ నాయకుడికి ఆ అవకాశం లేదు. అతని లోకంలో భూస్వామి యజమాని, కౌలుదారు కేవలం ఒప్పందంతో వచ్చిపోయేవాడు.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో షేర్ అలీ అఫ్రీదీ చేతిలో హతుడయ్యాడు. కలకత్తాలో ఉన్న జాన్ స్ట్రేచీ కొన్ని రోజులు చూసుకున్నాక, ప్రెసిడెన్సీ గవర్నర్ హోదాలో నేపియర్ వచ్చి మే 3న లార్డ్ నార్త్‌బ్రూక్ చేరే వరకు తాత్కాలిక వైస్రాయిగా ఉన్నారు. పది వారాల ఆ పాలనలో చెప్పుకోదగ్గ నిర్ణయాలు లేవు, ఉండాలని ఎవరూ ఆశించలేదు. స్వదేశం చేరాక జూలైలో ఆయనకు యునైటెడ్ కింగ్‌డమ్ పీరేజీలో 'ఎట్రిక్ బారన్' బిరుదు ఇచ్చారు. కొత్త బిరుదు అలంకారం కాదు. పాత స్కాటిష్ బిరుదు ఇవ్వలేని ప్రభువుల సభ సభ్యత్వం దీనితో ఎన్నిక ప్రసక్తి లేకుండా దక్కింది. పదవ లార్డ్ నేపియర్ అక్కడ మొదటి ఎట్రిక్ బారన్‌గా కూర్చున్నారు.

హైలాండ్స్ విచారణ

అదే ఏడాది ప్లిమత్‌లో జరిగిన సామాజిక శాస్త్ర సంఘం మహాసభకు అధ్యక్షత వహిస్తూ ఆయన చేసిన ప్రసంగం భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడటాన్ని ప్రశ్నించింది. ఒక ప్రభువు నోట ఇటువంటి మాట రావడం చాలామందికి మింగుడుపడలేదు. తర్వాతి పదేళ్లు విద్య, పేదల ఇళ్లు, స్థానిక వ్యవహారాల సంఘాల్లో గడిచాయి. 1883లో హోం మంత్రి విలియం హార్కోర్ట్ ఉత్తర స్కాట్లండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లోని, దీవుల్లోని క్రాఫ్టర్ల పరిస్థితిపై రాయల్ కమిషన్ వేసి దానికి నేపియర్‌ను అధ్యక్షుడిని చేశారు.

క్రాఫ్టర్ అంటే ఉత్తర స్కాట్లండ్‌లో చిన్న కమతం చేసుకునే రైతు. ఊరికి చుట్టూ కొద్దిపాటి సాగు భూమి కుటుంబాల వారీగా ఉంటుంది, పైనున్న కొండ బీడు అందరికీ ఉమ్మడి. ఇల్లు అతనే కట్టుకుంటాడు, రాళ్లు ఏరి నేలను అతనే బాగు చేసుకుంటాడు. కాగితం మీద మాత్రం అతను ఏడాదికొకసారి ఇష్టం వచ్చినట్టు లేపేయగల కౌలుదారు. బాగు చేసిన నేలకు కౌలు పెంచేవారు, లేచిపోమంటే కట్టిన ఇంటికి పైసా ఇచ్చేవారు కాదు. తెలుగు నేలపై ఈనాటికీ కాగితం లేకుండా కౌలు చేసే రైతుకు ఈ స్థితి వివరించనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి గొర్రెల పెంపకందార్లు ఎక్కువ అద్దె ఇస్తామనడంతో భూస్వాములు లోయలకు లోయలే ఖాళీ చేయించారు. సదర్లండ్‌లో 1811 తర్వాత జరిగిన తొలగింపులు అందులో పేరుమోసినవి. వెళ్లగొట్టబడిన వారు కొందరు కెనడా ఓడలెక్కారు, కొందరు పనికిరాని సముద్రతీరపు నేలల్లో ఇరుక్కున్నారు. 1846లో బంగాళాదుంప తెగులుతో కరువు వచ్చింది. గొర్రెల లాభాలు తగ్గాక అదే నేలను ధనికుల వేట కోసం జింకల అడవులుగా మార్చారు.

1882 ఏప్రిల్‌లో స్కై దీవిలోని బ్రేస్ అనే చోట రైతులు తిరగబడ్డారు. తమ నుంచి లాక్కున్న బెన్ లీ కొండ బీడును లార్డ్ మెక్‌డొనాల్డ్ తిరిగి ఇచ్చేదాకా అద్దె కట్టమన్నారు. నోటీసులు తెచ్చిన అధికారి చేతే వాటిని తగలబెట్టించారు. గ్లాస్గో నుంచి యాభై మంది పోలీసులను దింపితే ఆడవాళ్లు ముందుండి రాళ్లు రువ్వారు. తర్వాత అదే దీవిలోని గ్లెండేల్‌కు యుద్ధనౌకనే పంపవలసి వచ్చింది. ఐర్లండ్‌లో భూపోరాటం మండుతున్న రోజులవి. అది ఉత్తర స్కాట్లండ్‌కు పాకుతుందన్న భయం లేకపోతే ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఈ కమిషన్ వేసేది కాదు.

కమిషన్‌లో ఆరుగురు. గెర్‌లోక్ భూస్వామి సర్ కెన్నెత్ మెకెంజీ, లోకీల్ భూస్వామి, కామెరాన్ వంశ నాయకుడు డోనల్డ్ కామెరాన్, రైతుల పక్షాన మాట్లాడే పార్లమెంటు సభ్యుడు చార్ల్స్ ఫ్రేజర్-మాకిన్‌టాష్, షెరిఫ్ అలెగ్జాండర్ నికల్సన్, ఎడిన్‌బరోలో కెల్టిక్ ఆచార్యుడు డోనల్డ్ మెకిన్నన్, అధ్యక్షుడు నేపియర్. ఒక్క క్రాఫ్టర్ కూడా లేడు. భూస్వాములే భూస్వాములను విచారిస్తారా అన్న అనుమానం సహజంగానే వచ్చింది. నేపియర్ దక్షిణాది ప్రభువు, గేలిక్ భాష రాదు. కమిషన్ అనుమానాన్ని తుడిచిపెట్టింది నివేదికతో కాదు, విచారణ జరిపిన తీరుతో.

1883 మే 8న మొదటి బహిరంగ విచారణ ఎడిన్‌బరోలోనో ఇన్వర్నెస్‌లోనో పెట్టలేదు, తిరుగుబాటు జరిగిన బ్రేస్‌లోనే పెట్టారు. మొదటి సాక్షి ఆంగస్ స్టువర్ట్ అనే క్రాఫ్టర్. నిజం చెబితే భూస్వామిగాని, అతని ఎస్టేటు నిర్వాహకుడుగాని తనను భూమి నుంచి వెళ్లగొట్టరన్న హామీ ఇస్తేనే మాట్లాడతానన్నాడు. ఆ హామీ ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదు. అక్కడే ఉన్న ఎస్టేటు నిర్వాహకుడిని అడిగి మాట తీసుకోవలసి వచ్చింది. వారాల తరబడి లెక్కలు సేకరించినా ఇంత స్పష్టంగా సమస్య బయటపడేది కాదు, ఎందుకంటే సాక్ష్యం చెప్పడానికే దొర అనుమతి కావలసినవాడికి ఏ హక్కు ఉందన్న ప్రశ్నకు జవాబు ఆ సంభాషణలోనే దొరికింది.

అప్పటి నుంచి 1883 చివరిదాకా కమిషన్ చర్చిలలో, బడులలో, దీవుల నుంచి దీవులకు ఓడలో తిరుగుతూ విచారణ చేసింది. సెయింట్ కిల్డా వంటి మారుమూల దీవికీ వెళ్లింది. జూన్‌లో స్టోర్నోవే దగ్గర వారు ప్రయాణిస్తున్న 'లైవ్లీ' అనే నౌకాదళ ఓడ రాతికి తగిలి మునిగింది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అరవై దాకా ప్రదేశాల్లో 775 మంది సాక్ష్యం ఇచ్చారు. అడిగిన ప్రశ్నలు నలభై ఆరు వేలకు పైగా. గేలిక్‌లో చెప్పిన వారి మాటను అనువాదకులు ఇంగ్లీషులోకి మార్చగా ప్రతి మాటా అచ్చయింది. తాతల నాటి తొలగింపులు, కోల్పోయిన బీళ్లు, నాచు ఏరుకున్నందుకు కట్టిన రుసుములు, ఊరి పేర్లతో సహా అందులో ఉన్నాయి. చరిత్రకారులకు ఆ సంపుటాలు నేటికీ గని వంటివి. వలస పాలనలోని విచారణ సంఘాల వద్ద రైతుల సాక్ష్యం చాలావరకు అధికారుల నోటి మీదుగా వచ్చేది. ఇక్కడ రైతు తనే నిలబడి చెప్పాడు.

1884 ఏప్రిల్‌లో సమర్పించిన నివేదికలో నేపియర్ సొంత ముద్ర ఒక ప్రతిపాదనలో బాగా కనిపిస్తుంది. అది 'టౌన్‌షిప్', అంటే క్రాఫ్టర్ల ఊరు. ఊరికి హద్దులు నమోదు చేసి, దానిని చట్టబద్ధమైన సంస్థగా గుర్తించాలని, ఉమ్మడి బీడుపై హక్కులు ఊరికి ఉండాలని, చాలినంత భూమి లేకపోతే బీడును పెంచమని ఊరు అడగగలగాలని ఆయన సూచించారు. బ్రిటిష్ చట్టంలో అప్పటికి ఉన్నవి భూస్వామి, కౌలుదారు అనే ఇద్దరే. ఊరు అనే మూడో వ్యక్తిని ఆయన ప్రవేశపెట్టబోయారు. రష్యా మీర్‌ను చూసిన, మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామాలను ఏలిన అనుభవం లేని అధ్యక్షుడికి ఇది తట్టి ఉండేదా అన్నది సందేహమే. అదే కాలంలో హెన్రీ మెయిన్ వంటి పండితులు తూర్పు, పడమరల గ్రామ సమాజాలను పోల్చి చూపడం వల్ల ఈ ఆలోచనకు మేధో వాతావరణం కూడా సిద్ధంగా ఉంది.

కాని నివేదికకు రెండో ముఖం ఉంది. ఏడాదికి ఆరు పౌన్ల కంటే తక్కువ అద్దె విలువ ఉన్న కమతాల వారికి నేపియర్ భద్రత ఇవ్వదలచుకోలేదు. అంత చిన్న నేలపై హక్కులు ఖాయం చేస్తే పేదరికం శాశ్వతమవుతుందని, వారు వేరే పనులకు మారడమో, ప్రభుత్వ సాయంతో వలస వెళ్లడమో మేలని ఆయన అభిప్రాయం. పెద్ద కమతాల వారికి దీర్ఘకాలపు కౌలు పత్రాలు సూచించారు. క్రాఫ్టర్లలో అత్యధికులు ఆ గీత కింద ఉన్నవారే. గంజాం కరువులో ఊళ్లకు వెళ్లిన వ్యక్తి, బ్రేస్‌లో ఆంగస్ స్టువర్ట్ మాట విన్న వ్యక్తి, చివరకు అందరికంటే బలహీనులను లెక్క నుంచి తీసివేయడం ఈ నివేదికలో క్షమించడం కష్టమైన భాగం. అది క్రూరత్వం అనలేం. తన తరం ఆర్థికశాస్త్రం నేర్పిన భయం, చిన్న కమతం మీద అప్పటి పాలకవర్గంలో పాతుకున్న అపనమ్మకం ఆయన్ను కూడా వదలలేదు.

సభ్యుల్లో కొందరు తమ అసమ్మతిని విడిగా రాశారు. టౌన్‌షిప్ ఆలోచన కామెరాన్‌కు, మెకెంజీకి మితిమీరినదిగా తోచింది, ఫ్రేజర్-మాకిన్‌టాష్‌కు వలస సూచన నచ్చలేదు. బయటి దాడి ఆర్గైల్ డ్యూక్ నుంచి వచ్చింది. నేపియర్ మద్రాసు గవర్నర్‌గా ఉన్న చివరి మూడేళ్లలో ఇదే డ్యూక్ లండన్‌లో భారత మంత్రిగా ఆయన పైఅధికారి. 1881లో ఐరిష్ భూచట్టం నచ్చక గ్లాడ్‌స్టన్ మంత్రివర్గం నుంచి తప్పుకున్నవాడు, స్వయంగా హైలాండ్స్‌లో పెద్ద భూస్వామి. క్రాఫ్టర్ల గతాన్ని కమిషన్ అందంగా చిత్రించిందని, నిజానికి తొలగింపులతోనే ప్రగతి వచ్చిందని నైన్‌టీన్త్ సెంచరీ పత్రికలో వాదించాడు. 1885లో అదే పత్రికలో నేపియర్ జవాబిచ్చారు. ఇద్దరు వంశపారంపర్య ప్రభువులు, ఇద్దరూ భారత పాలన చూసినవారు, ఒకే సమస్యపై ఎదురెదురు నిలబడ్డారు. పుట్టుకను బట్టి ఒకరి ఆలోచనను ముందే ఊహించేవారికి ఈ వాగ్వాదం చదవమని చెప్పవచ్చు.

ఈలోగా రాజకీయం ముందుకు దూకింది. 1884 సంస్కరణ చట్టంతో క్రాఫ్టర్లకు ఓటు వచ్చింది, 1885 ఎన్నికల్లో వారి పక్షాన నిలిచినవారు పార్లమెంటుకు వెళ్లారు. 1886 జూన్‌లో వచ్చిన క్రాఫ్టర్ల చట్టం నేపియర్ నివేదికను పక్కన పెట్టి ఐరిష్ నమూనాను అనుసరించింది. ఏడు కౌంటీల్లో, ఆరు పౌన్ల గీత లేకుండా, క్రాఫ్టర్లకు కమతంపై భద్రత లభించింది. అద్దె సబబుగా ఉందో లేదో తేల్చడానికి ప్రత్యేక క్రాఫ్టర్స్ కమిషన్ ఏర్పడింది. మెరుగుదలలకు పరిహారం, కమతాన్ని కుటుంబంలో వారసత్వంగా ఇచ్చే హక్కు వచ్చాయి. ఆ కమిషన్ అద్దెలను గణనీయంగా తగ్గించి, పేరుకుపోయిన బకాయిల్లో పెద్ద భాగాన్ని రద్దు చేసింది. నేపియర్ వద్దనుకున్న అతి పేద క్రాఫ్టర్‌కు రక్షణ ఇవ్వడంలో చట్టం ఆయన కంటే ఉదారంగా ప్రవర్తించింది. ఊరికి భూమి పెంచే విషయంలో ఆయన కంటే పిరికిగా ప్రవర్తించింది. భూమి లేని కాటర్లకు అది ఇచ్చింది శూన్యం. అందుకే చట్టం వచ్చిన ఏడాదికే, 1887 నవంబరులో, లూయిస్ దీవిలోని పార్క్ జింకల అడవిలోకి ఆకలిగొన్న కాటర్లు చొరబడ్డారు. తర్వాతి నలభై ఏళ్లలో హైలాండ్స్‌లో జరిగిన భూఆక్రమణలకు మూలం ఈ లోటే.

నేపియర్ ఆ తర్వాత సెల్‌కర్క్‌షైర్ స్థానిక వ్యవహారాలకు పరిమితమయ్యారు. 1898 డిసెంబరు 19న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మరణించారు. నివేదికలోని టౌన్‌షిప్ అధ్యాయం చాలా కాలం ఒక విచిత్రమైన ఊహగానే మిగిలింది. 1993లో అసింట్ క్రాఫ్టర్లు చందాలు పోగుచేసి తామున్న ఎస్టేటును ఉమ్మడిగా కొనుక్కున్నారు, 1997లో ఎగ్ దీవి జనం అదే చేశారు. 2003లో స్కాటిష్ పార్లమెంటు చేసిన భూ సంస్కరణ చట్టం క్రాఫ్టింగ్ సమాజం ఒక సంస్థగా ఏర్పడి, భూస్వామికి ఇష్టం లేకపోయినా నిర్ణీత ధర చెల్లించి నేలను కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఊరికి చట్టబద్ధమైన ఉనికి ఉండాలన్న ప్రతిపాదన నేపియర్ సంతకం చేసిన నూట పంతొమ్మిదేళ్లకు, ఆయన అడిగిన దానికంటే చాలా పెద్ద రూపంలో, శాసనంలోకి వచ్చింది.